క్షమించాక మళ్లీ అదే మందిరానికి వెళ్లాలా?

అప్ప: అందరికీ వందనాలు. శ్రీకాకుళం నుంచి మీ అప్ప, తమ్ముడు. ఈ వారం విషయం క్షమించడం, మనసు కోలుకోవడం. రాజాం నుంచి ఒక చెల్లెలు రాసింది. ప్రార్థన చేయమని పాస్టరుగారికి ఏకాంతంగా చెప్పుకున్న ఇంటి సంగతిని ఆయన ఆదివారం ప్రసంగంలో చెప్పేశారట. పేరు ఎత్తకపోయినా అందరూ ఆమె వైపే చూశారట.

తమ్ముడు: సంఘపెద్దలకు రాసి ఇచ్చిందా? సంఘ సమావేశాల సంగతులు రాసే మినిట్స్ పుస్తకంలోకి ఎక్కిందా?

అప్ప: వచ్చేసింది నీ పుస్తకం! నోటితోనే చెప్పుకుంది. దేవుని అభిషిక్తుణ్ణి, అంటే దేవుడు ఏర్పరచుకున్న పాస్టరుగారిని, ముట్టకూడదు, క్షమించి వచ్చి ప్రభువు బల్లలో, ఆ రొట్టె, ద్రాక్షారసంలో, పాలుపొందు అన్నారట పెద్దలు.

తమ్ముడు: క్షమించమనడం తప్పా అప్పా? డెబ్బది ఏళ్ల మారులు, అంటే డెబ్బై ఏడుల సార్లు, అన్నాడు కదా ప్రభువు.

అప్ప: క్షమాపణతో నాకు పేచీ లేదు. అభిషిక్తుణ్ణి ముట్టకూడదన్న వాక్యాన్ని వాడిన తీరు చూస్తేనే కోపం. 105వ కీర్తనలో 15వ వచనం ఒక్కటే చదువుతారు. 12 నుంచి చదువు. కొద్దిమందిగా, పరదేశులుగా తిరిగేవాళ్లకు కీడు చేయవద్దని దేవుడు రాజులను గద్దించిన మాట అది. బలహీనులకు ఇచ్చిన గొడుగును లాక్కుని పెద్దాయన తలకు పడుతున్నారు.

తమ్ముడు: దావీదు కూడా, తనను చంపాలని తరిమిన సౌలు రాజును అభిషిక్తుడనే అన్నాడు. చెయ్యి ఎత్తలేదు.

అప్ప: ఎత్తలేదు. గుహలో చిక్కిన సౌలు అంగీ చెంగు కోసినందుకే నొచ్చుకున్నాడు. మరి నోరు మూసుకున్నాడా? సౌలు వెంట మూడు వేలమంది ఉన్నా, గుహ బయటికి వచ్చి నిలదీశాడు. సౌలు ఏడ్చాడు కూడా. ఆ తర్వాత సౌలు ఇంటికి వెళ్లాడు, దావీదు కొండల్లోకి వెళ్లిపోయాడు. మళ్లీ ఆ కొలువులో చేరలేదు.

తమ్ముడు: మన అమ్మ మందిరానికి వెళ్లింది. అంత జరిగినా ఒక్క ఆదివారమూ మానలేదు. క్షమించడమంటే నాకు తెలిసింది అదే.

అప్ప: వెళ్లింది. కానీ అప్పటి మన పాస్టరుగారు ఉన్నంతకాలం ఆయన చేతి రొట్టె తీసుకోలేదు. బల్ల ఆదివారం ప్రసంగం అవగానే లేచి వచ్చేసేది. నువ్వు సండే స్కూలు పిల్లలతో ఉండేవాడివి.

తమ్ముడు: నాకెవరూ చెప్పలేదే.

అప్ప: నువ్వు అడగలేదు.

తమ్ముడు: ఆయన ఒక్కసారైనా ఇంటికొచ్చి, తప్పయిందమ్మా అన్నారా?

అప్ప: లేదు.

తమ్ముడు: లూకా 17లో క్షమించమనే ముందు గద్దించమని ఉంది. తిమోతి మొదటి పత్రిక 5లో, ఇద్దరు ముగ్గురు సాక్షులుంటే పెద్ద మీద ఫిర్యాదు తీసుకోవాలని, పాపం చేసేవారిని అందరి ఎదుటా గద్దించాలని ఉంది. అందుకే అప్పా, పుస్తకంలో రాయాలంటాను. రాయకపోతే అలాంటి పాస్టరు మరో ఊరి సంఘానికి మారి, అక్కడా ఇదే చేస్తారు.

అప్ప: రాయాల్సిందే. ఇక పిల్లలపై లైంగిక వేధింపులైతే సంఘం పుస్తకంతో సరిపెట్టకూడదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయవచ్చు.

తమ్ముడు: కోలుకోవడం గురించి మాట్లాడనేలేదు మనం.

అప్ప: చెల్లీ, వేరే మందిరంలో వెనక కూర్చో. పాట నోటికి రాకపోయినా పరవాలేదు. నిద్ర పట్టకపోతే డాక్టరుకు చూపించుకో, అది అవిశ్వాసం కాదు. నీ సంగతి బయటపెట్టనివాళ్లు ఒక్కరున్నా వాళ్లతోనే చెప్పుకో.

తమ్ముడు: అమ్మ అలా మధ్యలో వచ్చేస్తుంటే నాన్నగారు ఏమీ అనేవారు కాదా?

అప్ప: అనేవారు. ముందు ఆ మైకు ఆపు, చెబుతాను.