దమ్ము చేలో నికాన్ పీ950: రైతు చేతికి పనికొస్తుందా?

అందరికీ నమస్కారమండి. ఈ కెమెరా మీద వీడియోలు బోలెడున్నాయి. సగం వాటిలో చందమామనే జూమ్ చేసి చూపిస్తారు. చందమామ ఎక్కడికీ పోడు కదండీ, నిదానంగా తీసుకోవచ్చు. నా లెక్క వేరు. కోనసీమలో వరి, కొబ్బరి చేసుకునేవాణ్ణి. పనిలో ఉండగా ఎదురుపడ్డ పిట్టనో, ఉడుమునో ఉన్నపళంగా తీయగలనా లేదా, అదొక్కటే చూస్తాను. ఫోటోల కోసమని ఒక రోజు పక్కన పెట్టే తీరిక సార్వా ఊడ్పుల్లో ఎవరికుంటుందండీ?

వివరాలు గబగబా చెప్పేస్తాను. 2020లో వచ్చిన మోడల్. 24 నుంచి 2000 ఎంఎం దాకా (ఈ అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరగా కనపడుతుంది), అంటే 83 రెట్ల జూమ్. బ్యాటరీతో కలిపి 1005 గ్రాములు. లెన్సు ఊడదీసి మార్చేది కాదు. కెమెరా తెలిసినవాళ్లు దీన్ని లోపం అంటారు. నూర్పుళ్ల దుమ్ములో, బురద చేతులతో ఉన్నవాడికి అదే వరం. లెన్సు మార్చే కెమెరాలకి తగిలించే సిగ్మా కంపెనీ వాళ్ల 150-600 ఎంఎం కాంటెంపరరీ లెన్సు ఒక్కటే 1930 గ్రాములు, కెమెరా బరువు పైన. అది మెళ్లో వేసుకుని ఓసారి పంట బోదె దాటి చూడండి, తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇదిగో ఈ ఫోటో చూడండి. దమ్ము చేస్తున్న మడి, ట్రాక్టరు వెనకాలే తెల్లకొంగలు, అటు చివర రెండు నత్తగుల్లకొంగలు. చక్రాల కింద మట్టి తిరగబడితే పురుగులు, కప్పలు, నత్తలు బయటపడతాయి, వాటికి విందే. ట్రాక్టరంటే వాటికి లెక్కే లేదు, పక్కనే తిరుగుతాయి. మనం దిగి రెండడుగులు వేశామా, మంద మంద లేచిపోతుంది. డబ్బులు పోసి గుడారాలు కొనుక్కుని మాటేసేవాళ్లున్నారు, మనకి ఆ మాటు ట్రాక్టరు సీట్లోనే ఉందండి. కాబట్టి మలుపు దగ్గర బండి ఆపి, ఇంజను కట్టేసి, సీట్లోంచే తీయండి. నడుపుతూ మాత్రం వద్దు.

ఇక్కడ ఒక కిటుకు. నల్లటి బురద మీద తెల్లకొంగ. కెమెరా ఆ నలుపుని చూసి వెలుతురు ఎక్కువ లాగేస్తుంది. కొంగ సున్నం కొట్టిన గోడలా వస్తుంది, ఈకలేం కనపడవు. ఎక్స్‌పోజర్‌ని, అంటే ఫోటోకి పట్టే వెలుతురుని, మైనస్ 1 దాకా తగ్గించండి. ఇందులో రా ఫైల్ (తర్వాత కంప్యూటర్లో వెలుతురు సరిదిద్దుకోడానికి వీలుండే ఫైలు) కూడా ఉంది, దీని ముందొచ్చిన పీ900లో అది లేదు.

ఇంకోటి, లెన్సు పక్కనున్న ఈ బటన్. నాకైతే కెమెరా మొత్తంలో ఇదే నచ్చింది. పూర్తి జూమ్‌లో లకుముకిపిట్ట ఫ్రేములోంచి తప్పిపోయిందనుకోండి, ఇది నొక్కితే దృశ్యం వెడల్పవుతుంది, పిట్ట కనపడగానే వదిలేస్తే మళ్లీ పాత జూమ్‌కి పోతుంది. ఎగిరే పిట్టలకి మాత్రం ఆశ పెట్టుకోకండి. సెకనుకి 7 చొప్పున 10 ఫోటోలు తీసి ఆగిపోతుంది. అవి కార్డులోకి ఎక్కేలోపు గరుడపక్షి ఏటిగట్టు దాటేస్తుంది.

దాళ్వా కోతలప్పుడు మధ్యాహ్నం పూట 2000 ఎంఎం దండగ. కోసిన చేను మీంచి వేడి గాలి లేస్తుంటే దూరంగా ఉన్న పిట్ట అలల్లో ఉన్నట్టు కదిలిపోతుంది. అది ఏ కెమెరాకైనా తప్పదు. పొద్దున్నే తీయండి, లేదా దగ్గరున్నదాన్ని తీయండి. దగ్గరంటే మరీ దగ్గర కాదు, పూర్తి జూమ్‌లో 5 మీటర్ల లోపు ఫోకస్ అవ్వదు. తూనీగల్ని తీయాలంటే జూమ్ తగ్గించుకోవాల్సిందే.

అందరూ అడిగేది, నీటిపిల్లి వస్తుందా అని. బావురుపిల్లి అని కూడా అంటారు, చూసి చిరుతపిల్ల అని కంగారు పడేవాళ్లూ ఉన్నారు. కోరంగి మడ అడవుల్లో ఉంటుంది, చేపలు తిని బతికే జంతువు. బయటికొచ్చేది ఎక్కువగా రాత్రిళ్లు. నక్కలైనా అంతే, మసకబడ్డాకే కదలిక. సరిగ్గా అప్పుడే ఈ కెమెరా చేతులెత్తేస్తుంది. పూర్తి జూమ్‌లో లెన్సు కన్ను ఎఫ్ 6.5 దాకానే తెరుచుకుంటుంది (ఈ అంకె పెద్దదైతే కన్ను చిన్నదని), వెలుతురు సరిగ్గా లోపలికి పోదు. వెలుతురు పట్టే సెన్సార్ చూస్తే, ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద కెమెరాల సెన్సార్‌లో సుమారు 30వ వంతు. చీకట్లో తీయడానికి పెంచే ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సార్ స్పందించే స్థాయి) 800 దాటితే ఫోటో నిండా చుక్కలే. దట్టమైన కొబ్బరితోటలో పగలు కూడా ఇదే గొడవ. రాత్రి జంతువులు కావాలంటే చెట్టుకి కట్టే ట్రైల్ కెమెరా కొనుక్కోండి, ఇన్‌ఫ్రారెడ్‌తో దానంతటదే తీస్తుంది. నీటిపిల్లి దొరికితే చోటు పేరు వాట్సాప్‌లో పెట్టకండి బాబూ. 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్న జంతువు అది.

తీతువు గట్టు మీద నేలమీదే గుడ్లు పెడుతుంది. నెత్తిమీద గోలగోలగా అరుస్తూ తిరుగుతోందంటే మీరు గుడ్ల దగ్గర్లో ఉన్నట్టే. వెనక్కి రండి. అది లేచిపోతే ఎండకి గుడ్లు మాడతాయి. ఇంత జూమ్ పెట్టి కొన్నది దూరం నుంచి తీయడానికే కదా.

కొనాలా? పగలు చేలో ఉండి, ఒక్క కెమెరాతో సరిపెట్టుకునేవాళ్లు కొనొచ్చు. పీ1100 అని 3000 ఎంఎంది కూడా వచ్చింది గానండి, అది 1410 గ్రాములు, నేనైతే మోయను. దీనికి వాన, దుమ్ము ఆపే సీలింగు లేదు. మూతగట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి దాచుకోండి. బియ్యం డబ్బాలో మాత్రం పెట్టకండి, తవుడు సందుల్లోకి పోతుంది. సెకండ్ హ్యాండ్‌ది తీసుకునేవాళ్లు లెన్సులోకి టార్చి వేసి ఫంగస్ ఉందేమో చూడండి. జూమ్‌ని ఈ చివర నుంచి ఆ చివర దాకా లాగి, ఇసక రాసుకుంటున్న చప్పుడు వస్తే డబ్బులివ్వకుండా వచ్చేయండి.