మన సొంత ట్రాన్స్‌పోర్ట్ ప్రోటోకాల్: ఎక్కించడం కంటే దించడమే కష్టం

[తెర మీద: పక్కపక్కన రెండు టెర్మినళ్లు. ఒకదాని పేరు వంశధార, రెండోదాని పేరు నాగావళి.]

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం నుంచి చూస్తున్న అందరికీ నమస్కారం. అప్లికేషన్ల డేటాను నెట్‌వర్క్ మీద చేరవేసే టీసీపీ, యూడీపీల పక్కన ఇంకో ప్రోటోకాల్ ఒకటి లినక్స్ కెర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో) పెడదాం. కెర్నెల్‌ని మళ్లీ కంపైల్ చేయక్కర్లేదు, మాడ్యూల్‌గా, అంటే నడుస్తున్న కెర్నెల్‌కి తగిలించే ముక్కగా ఎక్కిస్తే చాలు. దాని పేరు గట్టు.

మన నదుల పేర్లు పెట్టిన ఈ రెండూ వర్చువల్ మెషీన్లు, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే కంప్యూటర్లు. రోజూ వాడే లాప్‌టాప్‌లో నేరుగా ఎక్కించొద్దు. ఒక్క తప్పు పాయింటర్‌తో మెషీన్ బిగుసుకుపోతుంది, సేవ్ చేయని పనంతా పోతుంది. కంపైల్ చేయడానికి జీసీసీ, మేక్, కెర్నెల్ హెడర్లు (కెర్నెల్ ఫంక్షన్ల వివరాలుండే ఫైళ్లు) కావాలి. నడుస్తున్న కెర్నెల్‌కీ హెడర్లకీ వెర్షన్ తేడా ఉంటే మాడ్యూల్‌ని ఎక్కించే ఆదేశం ఇన్స్‌మాడ్ 'ఇన్‌వ్యాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్' అని తిప్పికొడుతుంది.

ప్రతి ప్యాకెట్ మొదట్లో ఉండే ఐపీ హెడర్‌లో ప్రోటోకాల్ నంబరుకి ఒక బైటు ఉంటుంది. టీసీపీది 6, యూడీపీది 17, ఎస్‌సీటీపీ అనే మరో ట్రాన్స్‌పోర్ట్ ప్రోటోకాల్‌ది 132. ప్రయోగాలకని విడిచిపెట్టినవి 253, 254. మనం 253 తీసుకుందాం. మన హెడర్ 12 బైట్లు: పంపేవారి పోర్టు 2, అందుకునేవారి పోర్టు 2, వరుస సంఖ్య 4, పొడవు 2, చెక్‌సమ్ 2.

[తెర మీద: ఇనిట్ ఫంక్షన్]

రిజిస్ట్రేషన్‌కి మూడు మెట్లు. ప్రోటో_రిజిస్టర్‌తో సాకెట్లకి (అప్లికేషన్లు నెట్‌వర్క్‌తో మాట్లాడే ద్వారాలకి) మెమరీ సిద్ధం. ఇనెట్_యాడ్_ప్రోటోకాల్‌తో '253 వస్తే నాకివ్వు' అని ఐపీకి చెప్పడం. చివరగా ఇనెట్_రిజిస్టర్_ప్రోటోఎస్‌డబ్ల్యూ, ఇక అప్లికేషన్లు సాకెట్ తెరవగలవు. లోపల అన్నీ సర్దుకున్నాకే వీధి తలుపు తీయాలి కాబట్టే ఈ వరుస. దించేటప్పుడు దీన్ని తిరగేయాలి. రెండో మెట్టు విఫలమైతే మొదటిదాన్ని వెనక్కి తీయడం మరిచిపోకండి.

[తెర మీద: రిసీవ్ ఫంక్షన్. నెమ్మదిగా చూపించాలి.]

ఇక్కడ కాసేపు ఆగుదాం. ప్యాకెట్ రాగానే పిలిచే ఈ ఫంక్షన్ సాఫ్ట్‌ఐఆర్‌క్యూలో (కెర్నెల్ వెంటనే ముగించాల్సిన పనుల చోట) నడుస్తుంది, ఇందులో నిద్రపోకూడదు, అంటే దేనికోసమూ ఆగకూడదు. మ్యూటెక్స్ (ఖాళీ అయ్యేవరకు ఆగే తాళం) పెడితే లాగ్‌లో 'షెడ్యూలింగ్ వైల్ అటామిక్' కనిపిస్తుంది. మెమరీ అడిగితే, ఆగకుండా అడిగే జీఎఫ్‌పీ_అటామిక్‌తోనే అడగాలి. దొరక్కపోవచ్చు, అప్పుడు ప్యాకెట్ వదిలేయాలి.

హెడర్ చదివే ముందు పీఎస్‌కేబీ_మే_పుల్ పిలిచి 12 బైట్లు ఒకేచోట ఉన్నాయని ఖాయం చేసుకోండి. ప్యాకెట్ ముక్కలుగా వేర్వేరు పేజీల్లో ఉండొచ్చు. ఇది పిలిచాక బఫర్ వేరే చోటికి మారే వీలుంది. ముందే దాచుకున్న హెడర్ పాయింటర్ అప్పటికి పాత చిరునామా అయిపోతుంది, కాబట్టి మళ్లీ తీసుకోవాలి. చిన్న ప్యాకెట్లతో పరీక్షిస్తే ఈ తప్పు బయటపడకపోవచ్చు, పెద్దవి వస్తేనే పట్టుబడుతుంది. ఎంతో శ్రద్ధగా రాసే వాళ్లు కూడా ఇక్కడే జారతారు.

ప్యాకెట్ వచ్చే సమయానికి అప్లికేషన్ ఆ సాకెట్‌ను పట్టుకుని ఉంటే? లాగేసుకోకూడదు. సాక్_ఓన్డ్_బై_యూజర్ అవునంటే ఆ ప్యాకెట్‌ను బ్యాక్‌లాగ్‌లో (వేచి ఉండే క్యూలో) వేయండి. అప్లికేషన్ సాకెట్ వదలగానే కెర్నెలే ఆ క్యూని మన చేతికిస్తుంది.

[తెర మీద: ఎల్ఎస్‌మాడ్]

ఇక దించడం. వంశధారలో ఒక సాకెట్ తెరిచాం. ఎక్కిన మాడ్యూళ్లను చూపే ఎల్ఎస్‌మాడ్‌లో గట్టు ఎదురుగా 'యూజ్డ్ బై' కింద 1 పడింది. ఇప్పుడు మాడ్యూల్‌ని దించే ఆర్ఎమ్‌మాడ్ కొడితే 'మాడ్యూల్ వాడకంలో ఉంది' అని నిరాకరిస్తుంది. ఈ కాపలా, ప్రోటో నిర్మాణంలో ఓనర్‌గా దిస్_మాడ్యూల్ పెట్టడం వల్ల వచ్చింది. ఆ ఒక్క వరుస మరిస్తే లెక్క 0 దగ్గరే ఉంటుంది, మాడ్యూల్ హాయిగా దిగిపోతుంది. తరవాత అప్లికేషన్ సాకెట్ మూయగానే కెర్నెల్, ఇప్పుడు అక్కడ లేని కోడ్‌లోకి దూకి కూలుతుంది.

టైమర్లదీ అదే సంగతి. పోయిన ప్యాకెట్ తిరిగి పంపే టైమర్ ఇంకా మోగాల్సి ఉండగా మాడ్యూల్ దిగకూడదు. టైమర్ ఆపమనడం సరిపోదు, అది ఇంకో సీపీయూలో నడుస్తుంటే పూర్తయ్యేవరకు ఆగే రకం ఫంక్షన్ వాడాలి. పనిని తరవాతికి వాయిదా వేసే కాల్_ఆర్‌సీయూ వాడితే, మాడ్యూల్ దిగే ఎగ్జిట్ ఫంక్షన్‌లో ఆ వాయిదా పనులు పూర్తయ్యేవరకు ఆగే ఆర్‌సీయూ_బ్యారియర్ తప్పనిసరి.

పరీక్షకి టీసీ ఆదేశంలో నెట్‌ఎమ్ (చెడ్డ నెట్‌వర్క్‌ను అనుకరించే సాధనం) పెట్టి 100 మిల్లీసెకన్ల ఆలస్యం, 3 శాతం నష్టం ఇవ్వండి. నాగావళిలో మాడ్యూల్ ఎక్కించకుండా పంపితే 'ప్రోటోకాల్ అన్‌రీచబుల్' అనే ఐసీఎంపీ (నెట్‌వర్క్ లోపాలు చెప్పే ప్రోటోకాల్) జవాబు, ప్యాకెట్లను చూపే టీసీపీడంప్‌లో కనిపించాలి. అది వచ్చిందంటే దారి బాగానే ఉంది, అవతల వినేవారే లేరు. ఏ జవాబూ రాకపోతే ముందు ఫైర్‌వాల్ చూడండి.

ల్యాబ్‌లో నడిచింది కదా అని గుణుపురం ఇంటి రౌటర్ దాటి బరంపురంలోని స్నేహితుడికి 253 పంపితే చేరుతుందని ఆశపెట్టుకోకండి. ఇంటి రౌటర్లలోని నాట్ (ఇంటి చిరునామాలను బయటి చిరునామాగా మార్చే భాగం) సాధారణంగా టీసీపీ, యూడీపీ పోర్టులనే తర్జుమా చేస్తుంది. బయటికి వెళ్లాలంటే గట్టు ప్యాకెట్‌ను యూడీపీలో చుట్టి పంపండి. వెబ్‌లో వాడే క్విక్ ప్రోటోకాల్ కూడా యూడీపీ మీదే నడుస్తుంది.

చివరి పరీక్ష: మెమరీ తప్పుల్ని పట్టే కేఏశాన్ ఆన్ చేసిన కెర్నెల్‌లో, నాగావళి నుంచి ప్యాకెట్లు ఆగకుండా వస్తూనే ఉండగా, వంశధారలో సాకెట్ తెరిచి, మూసి, మాడ్యూల్‌ని దించి, మళ్లీ ఎక్కించండి. ఇదే 100 సార్లు లూప్‌లో పెట్టి, పక్కన కెర్నెల్ లాగ్ చూపే డీమెసేజ్ తెరిచి ఉంచండి.