నాబ్ లాగితే మారే గొంతు: యాక్టివ్ పికప్‌లతో ఓ రాత్రి

హాయ్ అండి అందరికీ. రాత్రి పదిన్నర అయింది, ఆఫీసు కాల్స్ ఇప్పుడే అయిపోయాయి. పక్క ఫ్లాట్ వాళ్లు పడుకుని ఉంటారు కాబట్టి ఆంప్ ముట్టుకోవట్లేదు, అంతా హెడ్‌ఫోన్స్‌లోనే. మంచం మీద రెండు గిటార్లున్నాయి చూడండి. నల్లదాంట్లో మెడ వైపు ఈఎంజీ కంపెనీ 89, బ్రిడ్జ్ వైపు (తీగలు గిటార్ ఒంటికి ఆనే చోట) ఈఎంజీ 81 పికప్‌లు ఉన్నాయి. పికప్ అంటే తీగల కింద ఉండి వాటి కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగం. రెండోదాంట్లో ఉన్నది ఫిష్‌మన్ కంపెనీ ఫ్లూయెన్స్ మోడర్న్ పికప్ సెట్. ఈ రెండు గిటార్లలోనూ నాబ్ పైకి లాగితే హంబకర్‌గా (రెండు కాయిల్స్, అంటే రెండు వైరు చుట్టలున్న పికప్‌గా) మోగుతున్న పికప్ సింగిల్ కాయిల్‌లా (ఒకే చుట్ట ఉన్నదానిలా) పలుకుతుంది. అది నిజంగా సింగిల్ కాయిలేనా, పేరుకేనా అని వారం రోజులుగా నా బుర్ర తొలిచేస్తోంది, ఇవాళ తేల్చుకుందామని కూర్చున్నాను.

ముందు మోత సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ కథంతా మొదలైందే దానివల్ల. సింగిల్ కాయిల్ తీగ కదలికతో పాటు చుట్టూ ఉన్న కరెంటు మోతని కూడా పట్టేస్తుంది. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్, అంటే జి స్వరానికి కాస్త పైన. నేనిప్పుడు ఉంటున్న ఈ దేశంలో 60 హెర్ట్జ్, అది బి ఫ్లాట్‌కీ బికీ మధ్యన పడుతుంది. దేశం మారాక గిటార్ ఆంప్‌కి పెట్టిన మొదటి రోజు ఆ గుయ్‌మనే శబ్దం వేరే శ్రుతిలో వినబడి చాలాసేపు అలాగే వింటూ ఉండిపోయాను. హంబకర్ దీనికే పుట్టింది. గిబ్సన్‌లో సెత్ లవర్ 1955లో పేటెంట్‌కి దరఖాస్తు చేసిన డిజైన్‌లో రెండు కాయిల్స్ పక్కపక్కన ఉంటాయి, చుట్టడం ఒకదానికొకటి ఎదురు, మ్యాగ్నెట్ ధ్రువాలూ ఎదురు. అందుకని బయటి మోత రెండింట్లో ఎదురెదురుగా వచ్చి కొట్టుకుపోతుంది, తీగ శబ్దం మాత్రం కలిసి పెరుగుతుంది. కాకపోతే తీగని రెండు చోట్ల వింటుంది కాబట్టి పైస్థాయి మెరుపు కొంత పోతుంది, శబ్దం గుండ్రంగా, బరువుగా అయిపోతుంది.

బ్యాటరీ లేని మామూలు పాసివ్ హంబకర్‌లో కాయిల్ స్ప్లిట్ పెట్టుకుంటే ఒక కాయిల్‌ని పక్కన పెట్టేస్తాం. మెరుపు వస్తుంది, దాంతో పాటు మోతా వస్తుంది, సౌండు కూడా టక్కున తగ్గిపోతుంది. పాట మధ్యలో నాబ్ లాగితే గిటార్ వెనక్కి జరిగిపోయినట్టు ఉంటుంది. నాకు అస్సలు పడని విషయం ఇదే.

యాక్టివ్‌లో, అంటే బ్యాటరీతో నడిచే పికప్‌లో దారి వేరు. కాయిల్‌కి చుట్లు తక్కువ, మ్యాగ్నెట్ లాగుడు తక్కువ, వచ్చిన చిన్న సిగ్నల్‌ని పికప్ లోపలే ఉన్న ప్రీఆంప్ పెంచి పంపుతుంది. అందుకే ఈఎంజీలకి వాల్యూమ్ పాట్ (నాబ్ కింద ఉండే రెసిస్టర్) 25 కిలో ఓమ్‌లది వాడతారు, పాసివ్‌లో అయితే 250 లేదా 500. పొడుగు కేబుల్ వేసినా ట్రెబుల్ చచ్చిపోదు. ఇంకో సుఖం ఏంటంటే ఈఎంజీలకి షీల్డింగ్ లోపలే ఉంటుంది, బ్రిడ్జ్‌కి వెళ్లే గ్రౌండ్ వైరు అక్కర్లేదు. తీగల మీంచి చెయ్యి తీసినప్పుడు మోత పెరిగే బాధ లేదు.

89లో రెండు మోడ్‌లకీ విడివిడి ప్రీఆంప్‌లు ఉన్నాయి. అందుకే నాబ్ లాగితే సౌండు పడిపోదు. 2014లో వచ్చిన ఫ్లూయెన్స్ ఇంకా వేరే లెక్క. అందులో చుట్టిన వైరే లేదు, సర్క్యూట్ బోర్డు మీద ముద్రించిన కాయిల్స్‌ని పొరలు పొరలుగా పేర్చారు, గొంతులన్నీ ఎలక్ట్రానిక్స్‌లోనే మలిచారు.

ఇక వినడం. ఒకే ఆర్పెజియో (కార్డ్ స్వరాలు ఒక్కొక్కటిగా మీటడం), అవే తీగలు, అదే పిక్, ముప్పై సెకన్ల చొప్పున రికార్డు చేసి అన్నింటి లెవెల్ సమానం చేశాను. ఇది చెయ్యకుండా పోల్చడం దండగండి, కాస్త గట్టిగా మోగేదే బాగున్నట్టు అనిపిస్తుంది, చెవి అలాంటిది. తర్వాత తమ్ముణ్ణి పిలిచి నాబ్ వాడి చేతికిచ్చి, నేను గోడ వైపు తిరిగి వాయించాను. వాడు "అన్నయ్యా, ఇప్పుడేది?" అంటాడు, నేను చెప్పాలి. మెడ వైపు క్లీన్‌లో, అంటే శబ్దం పగలకుండా వాయించినప్పుడు, 89 విషయంలో నేను ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. పిక్ తీగని వదిలిన క్షణంలో వచ్చే ఆ చిన్న "టిక్" సింగిల్ మోడ్‌లో స్పష్టంగా ముందుకొస్తుంది, లావు తీగల కింద ఉండే పొట్ట తగ్గుతుంది. ఫ్లూయెన్స్ సింగిల్ గొంతు ఇంకాస్త మెత్తగా ఉంది, మధ్యస్థాయి కొంచెం మిగిలే ఉంటుంది, పాటలో పాడే గొంతు పక్కన కూర్చోబెట్టడానికి నాకు అదే తేలికైంది. ఫ్లూయెన్స్ బ్రిడ్జ్ పికప్‌లో మాత్రం గెయిన్ బాగా పెంచి, అంటే శబ్దం పగిలేలా చేసి అడిగితే రెండుసార్లు తప్పు చెప్పాను. అంత డిస్టార్షన్‌లో తేడా నలిగిపోతోంది. కాబట్టి డబ్బు ఒక్క పికప్‌కే ఉంటే మెడ వైపు పెట్టండి, బ్రిడ్జ్‌లో ఈ స్విచ్ అంత అవసరం కాదని నా నమ్మకం.

మోత విషయానికొస్తే మానిటర్ పక్కనే, ల్యాప్‌టాప్ చార్జర్‌కి జానెడు దూరంలో కూర్చుని వాయించాను, రెండింట్లోనూ సింగిల్ మోడ్‌లో మోత నా హెడ్‌ఫోన్స్‌లోకి రాలేదు. రాత్రిళ్లు గదిలో వాయించుకునే నాలాంటివాళ్లకి ఇంతకంటే ఏం కావాలి!

బ్యాటరీ జాగ్రత్త అండి. ఈ గిటార్లలో కేబుల్ గుచ్చడమే ఆన్ స్విచ్, జాక్‌లో అదనంగా ఉన్న కాంటాక్ట్ 9 వోల్టుల బ్యాటరీని కలుపుతుంది. పోయిన నెల కేబుల్ గుచ్చే వదిలేసి ఊరెళ్లొచ్చాను, వచ్చి వాయిస్తే శబ్దం నలిగినట్టు, గట్టిగా కొట్టినప్పుడల్లా చిరిగినట్టు వచ్చింది. పికప్ పోయిందని ఎంత టెన్షన్ పడ్డానో, ఒక పూటంతా కనెక్టర్లు ఊడదీసి చూశాను. కొత్త బ్యాటరీ వెయ్యగానే సరి. ఫ్లూయెన్స్ ఈఎంజీ కంటే ఎక్కువ కరెంటు తాగుతుంది, దానికి రీచార్జ్ చేసుకునే ప్యాక్ కూడా దొరుకుతుంది.

నల్ల గిటార్‌లో 89 అలాగే ఉంచేస్తున్నాను. ఇప్పుడు మొదటి క్లిప్ పెడుతున్నా, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. నాబ్ ఎక్కడ లాగానో స్క్రీన్ మీద రాయట్లేదు, ఆ "టిక్" మీకు ఎన్నో సెకనులో వినబడిందో చూసుకోండి.