ఈలీకి ఎప్పుడు రమ్మంటావక్కా?

తమ్ముడు: ఆ, రికార్డింగ్ ఆన్ అయింది. అందరికీ నమస్కారం. డాలస్ నుంచి నేను, మినియాపొలిస్ నుంచి మా అక్క. అక్కా, ఈ వారం విషయం నాదే. డిసెంబర్ ఆఖర్లో నాకు పది రోజులు సెలవు మిగిలింది. నువ్వు ఎప్పుడూ ఊదరగొట్టే, మీ మిన్నెసోటా ఉత్తరాన ఉన్న ఆ ఈలీ ఊరి లేకులకి వస్తాం. ఒక పడవ మాట్లాడి పెట్టు.

అక్క: డిసెంబర్లో పడవా! ఎక్కడ వేస్తావురా, మంచుగడ్డ మీదా?

తమ్ముడు: అంత గడ్డ కడుతుందా?

అక్క: ఈలీకి దగ్గర్లోనే టవర్ అని చిన్న ఊరుంది. 1996 ఫిబ్రవరి 2న అక్కడ మైనస్ 60 ఫారెన్‌హీట్. అంటే మైనస్ 51 సెల్సియస్. మిన్నెసోటా రికార్డు అదే. అందుకే చెప్తున్నా, ఇక్కడికి రావాలంటే ముందు మంచు సంగతి చూసుకోవాలి, లాంగ్ వీకెండ్లు తర్వాత. ఏప్రిల్ ఆఖరికో మే మొదట్లోనో మంచు విడుతుంది. నవంబర్లో మళ్లీ కట్టడం మొదలవుతుంది. ఆ కట్టే రోజుల్లోనూ, కరిగే రోజుల్లోనూ మాత్రం రాకు. పడవా నడవదు, మనిషీ నడవలేడు.

తమ్ముడు: సరే, మా శ్రోతలకి మొదట్నుంచి చెప్పు. అసలు ఏముంది అక్కడ?

అక్క: మా ఇంటి నుంచి నాలుగు గంటల డ్రైవ్. కెనడా సరిహద్దు పొడవునా బౌండరీ వాటర్స్ అనే అడవి, పదకొండు వందలకు పైగా లేకులు. చాలావాటిలో మోటారు నిషేధం. తెడ్డు వేసుకుంటూ కెనూ అనే సన్నటి పడవలో పోవాలి. ఒక లేకు అయిపోతే కెనూని నెత్తిన బోర్లించుకుని అడవి దారిలో తర్వాతి లేకుకి మోసుకెళ్లాలి. దాన్ని పోర్టేజ్ అంటారు.

తమ్ముడు: బావ మోశాడా?

అక్క: ఆ కథే చెప్పబోతున్నా. మ్యాపులో పోర్టేజ్ పక్కన 140 అని ఉంది. నేను అడుగులనుకున్నా. ‘ఇంతేనా, ఒక్క గుక్కలో దాటేస్తాం’ అన్నా. తీరా చూస్తే అవి రాడ్లట! ఒక రాడ్ అంటే పదహారున్నర అడుగులు, సుమారుగా ఒక కెనూ పొడవు. 320 రాడ్లయితే మైలు. అంటే మాది దాదాపు ఏడు వందల మీటర్లు. మీ బావ కెనూ దించి, సామాన్ల కోసం మళ్లీ వెనక్కెళ్లి, మళ్లీ వచ్చేసరికి రెండు కిలోమీటర్లు నడిచాడు. పైగా జూన్ మొదటి వారం. చేతులు కెనూకే సరిపోయాయి, దోమలు తోలుకోవడానికి మూడో చెయ్యి లేదు. ఆ రోజు నాతో మాట్లాడితే ఒట్టు.

తమ్ముడు: (నవ్వు) మరి ఎప్పుడు వెళ్లాలి?

అక్క: కెనూకైతే ఆగస్టు ఆఖరు, సెప్టెంబర్. దోమలు తగ్గుతాయి, బిర్చి చెట్ల ఆకులు పసుపు రంగుకి తిరుగుతాయి. అప్పుడే అక్కడి ఆదివాసులు, ఒజిబ్వే వాళ్లు, మనోమిన్ కోస్తారు. మనం వైల్డ్ రైస్ అంటామే, అది. ఒకరు గడ కర్రతో కెనూ నడుపుతుంటే, ఇంకొకరు రెండు కర్రలతో వెన్నులు వంచి గింజలు పడవలోకి రాలుస్తారు. కొనుక్కొచ్చి వండాను. మన బియ్యంలా ఇట్టే ఉడకదు, ఓపిక పట్టాలి. చారుతో బాగుంది. పప్పుతో నాకు నచ్చలేదు.

తమ్ముడు: టికెట్లూ అవీ?

అక్క: మే 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు రాత్రి ఉండాలంటే కోటా పర్మిట్. ఏ తేదీన, ఏ దారిలో లోపలికి వెళ్తావో అందులోనే ఉంటుంది. జనవరి ఆఖర్లో బుకింగ్ తెరుస్తారు. పేరున్న దారులకి ఆలస్యం చేస్తే అంతే. గుంపుకి తొమ్మిది మందే, నాలుగు పడవలే. మన రెండు కుటుంబాలు, అత్తయ్యా వాళ్లు అంటే కుదరదు. ఇంకోటి, తిండి సీసాల్లోనూ టిన్నుల్లోనూ తీసుకెళ్లకూడదు.

తమ్ముడు: అమ్మ పంపిన ఆవకాయ సీసా?

అక్క: ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చెయ్. రాత్రికి డబ్బాతో సహా చెట్టుకి ఎత్తుగా వేలాడదీయాలి, లేదా ఎలుగు తెరవలేని పెట్టెలో పెట్టాలి. ఆవకాయ వాసనకి వీధి చివరి వాళ్లే వస్తారు, ఇక ఎలుగుబంటి సంగతి చెప్పాలా!

తమ్ముడు: అయితే నా డిసెంబర్ సెలవు వృథాయేనా?

అక్క: ఆఫీసులో అడిగి ఫిబ్రవరికి జరుపుకో. డిసెంబర్ ఆఖర్లో నాలుగున్నర లోపే సూర్యుడు దిగిపోతాడు, పిల్లలు క్యాబిన్‌లో గోడలెక్కుతారు. ఫిబ్రవరికి పొద్దు కాస్త పెరుగుతుంది, మంచూ గట్టిపడుతుంది. నడవడానికి కనీసం నాలుగు అంగుళాల గట్టి గడ్డ ఉండాలి, అదీ పారదర్శకంగా ఉన్నది. పైన తెల్లగా కనిపించేది సగం బలమే. నీ కంటితో తేల్చకు, అక్కడి వాళ్లనడుగు. కుక్కలు లాగే స్లెడ్జ్ బండి ఎక్కొచ్చు, గడ్డకి కన్నం వేసి చేపలు పట్టొచ్చు. వాల్‌ఐ అనే చేప దొరికితే వేపుడు నేను చేస్తా. లైసెన్స్ మాత్రం తీసుకోవాలి. పశ్చిమాన వోయజర్స్ నేషనల్ పార్కులో అయితే మంచు బాగా కట్టాక రెయినీ లేక్ మీద ఏకంగా కార్లకే రోడ్డు వేస్తారు.

తమ్ముడు: ఎలుగుబంట్లు?

అక్క: నిద్రపోతుంటాయి. నువ్వు జీన్స్ వేసుకుని రాకు, కాటన్ తడిస్తే ఆరదు. ఫోన్ లోపలి జేబులో పెట్టుకో, చలికి బ్యాటరీ చచ్చిపోతుంది.

తమ్ముడు: ఆకాశంలో ఆ రంగులు కనిపిస్తాయా?

అక్క: అరోరానా? నేను ఆరుసార్లు వెళ్తే ఒక్కసారి చూశా. చుట్టుపక్కల దీపాలుండవు కాబట్టి చుక్కలు మాత్రం ఖాయం, మబ్బు పట్టకపోతే. అరోరా చూపిస్తానని మరదలికి మాటివ్వకు.

తమ్ముడు: ఇచ్చేశానక్కా.

అక్క: అయితే నువ్వే పడు. సరే, పిల్లల బూట్ల సైజులు పంపు. మందంగా ఉండేవి ఇక్కడ అద్దెకి మాట్లాడతా.