పెళ్లి పూల రివ్యూ: నీళ్లు లేకుండా ఏ పువ్వు ఎంతసేపు నిలుస్తుంది?

నమస్కారం. పెళ్లికి పూలు ఎంచుకునేవారు ముందు రంగు చూస్తారు, తరువాత ఖరీదు అడుగుతారు. ఆ పువ్వు నీళ్లు లేకుండా ఎన్ని గంటలు నిలుస్తుందన్న ప్రశ్న మాత్రం చాలామందికి తట్టదు. వేదికకు కట్టేవీ, చేతిలో పట్టుకునే గుత్తిలో ఉండేవీ చాలావరకు నీటికి దూరంగా గడిపేవే కాబట్టి, ఈ వీడియోలో ఆరు రకాల పూలను ఆ ఒక్క కొలతతోనే చూశాను. రాత్రంతా నీళ్లలో ఉంచిన పూలను ఉదయం 8 గంటలకు బయటికి తీసి, ఫ్యాను తిరుగుతున్న గదిలో బల్లపై పరిచాను.

అన్నింటికంటే ముందు చేతులెత్తేసింది హైడ్రాంజియా. 10 గంటలకే దాని అంచులు ముడుచుకున్నాయి. 11 అయ్యేసరికి, ఇదిగో తెరపై చూడండి, గుత్తి మొత్తం తడిగుడ్డలా వేలాడిపోయింది. అందులో మనం రేకులనుకునేవి నిజానికి రక్షకపత్రాలు. అవి వెడల్పుగా, పలుచగా, లెక్కకు మించి ఉండటంవల్ల నీరు త్వరగా ఆవిరైపోతుంది. విచిత్రమేమిటంటే, ఆ పత్రాలు నీటిని పీల్చుకోగలవు కూడా. కాడ కొసను కొత్తగా కోసి, గుత్తిని తలకిందులుగా చల్లని నీటిలో ముంచి ఉంచితే మళ్లీ తేరుకుంది. అందుకని దీన్ని కుండీల్లో పెట్టండి, తోరణాలకు మాత్రం వద్దు.

నా మొదటి మార్కు కార్నేషన్‌కు. చవకపువ్వని చులకనగా చూస్తారు గానీ, సాయంత్రం 6 గంటలకు కూడా దాని రేకు ఒక్కటీ వాడలేదు. చామంతి దానికి ఏమాత్రం తీసిపోలేదు.

గులాబీ మధ్యస్థంగా నిలిచింది. దాని విషయంలో ఒక మాట చెప్పాలి: మొగ్గ పైన పచ్చగా, మొరటుగా కనిపించే రేకులు చెడిపోయినవి కావు, లోపలి రేకులను కాపాడేవి; అలంకరణకు ముందు వాటిని మెల్లగా తీసివేస్తే చాలు. గులాబీలు ముడుచుకున్న మొగ్గలుగా వస్తాయి కాబట్టి, పెళ్లికి రెండు రోజుల ముందే తెప్పించి నీళ్లలో పెడితే ఆనాటికి చక్కగా విచ్చుకుంటాయి.

డెండ్రోబియం ఆర్కిడ్ కూడా చివరిదాకా బాగానే ఉంది, అయితే దాన్ని ఫ్రిజ్‌లో పెట్టకండి. గులాబీకీ కార్నేషన్‌కూ 1 నుంచి 4 డిగ్రీల చలి మేలు చేస్తుంది. ఉష్ణమండలపు ఆర్కిడ్‌కు 10 డిగ్రీలకంటే తక్కువైతే అదే చలి దెబ్బ తీస్తుంది. ఇది నాకు అనుభవంమీద తెలిసింది: ఒకసారి పూలన్నీ ఇంటి ఫ్రిజ్‌లో సర్దేస్తే, తెల్లవారేసరికి ఆర్కిడ్ రేకులపై నీరు నిలిచినట్టు మచ్చలు పడ్డాయి. పక్కనే పండ్లు కూడా ఉండటం రెండో తప్పు, ఎందుకంటే మగ్గే పండ్లు వదిలే ఇథిలీన్ వాయువుకు కార్నేషన్ రేకులు లోపలికి ముడుచుకుపోతాయి.

లిల్లీకి నిలకడలో లోటు లేదు, చిక్కంతా పుప్పొడితోనే. పువ్వు విచ్చుకోగానే, తిత్తులు పగలకముందే వాటిని వేళ్లతో గిల్లివేయాలి. ఒకవేళ బట్టపై పడితే నీళ్లతో తుడవకూడదు, మరక ఇంకిపోతుంది. ఇలా జిగురు టేపును అద్దుతూ తీసివేయాలి.

చివరగా కాడలను గుచ్చే ఆకుపచ్చ ఫోమ్ గురించి. 1954లో అమెరికాలో వెర్నన్ స్మిథర్స్ తెచ్చిన ఈ వస్తువు సులువైనదే, కానీ దాన్ని నీటిలోకి చేత్తో అదిమితే నడిమి భాగం పొడిగా మిగిలిపోతుంది. నీటిపై వదిలేసి తనంతట తానే మునగనివ్వాలి. వాడాక అది మట్టిలో కలవదు, పొడిపొడిగా రాలుతుంది. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన ప్రదర్శనల్లో దీన్ని నిషేధించింది. నేను కుండీలో సన్నని ఇనుప వలను ఉండలా చుట్టి పెట్టి, నీళ్లు నింపి, పొద్దున వాడిపోయి తేరుకున్న ఆ హైడ్రాంజియానే అందులో నిలిపాను. రాత్రి 9 గంటలకు తీసిన దృశ్యమిది: గుత్తి నిటారుగానే ఉంది.