గిర్నీ పెట్టకముందే మూసే దారి

వేదిక మీది పెద్దలకు, సంఘాల అక్కచెల్లెళ్లకు నమస్కారం. టైము తక్కువుంది, నేరుగా సంగతికొస్తా.

ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి కొని కారంపొడి ప్యాకెట్లు చేద్దామని లెక్కలేస్తున్నారు. ఇప్పటికే కారంపొడి అమ్మే పాత కంపెనీ రేటు తగ్గిస్తే ఎట్లా అని మీ భయం. నేను చెప్పేది, రేటు కన్నా వాళ్ల సరుకు నాణ్యతకు భయపడాలె. తగ్గించిన రేటును మీరు మూసేసినంక వాళ్లు మళ్లీ పెంచొచ్చు. నాణ్యత అట్ల కాదు. సీజన్‌లో కాయ కొని, కోల్డ్ స్టోరేజీలో పెట్టి, రంగుకు బ్యాడిగి, ఘాటుకు తేజ కలిపి ఏడాది పొడుగునా ఒకే ఎరుపు ఇయ్యాలంటే పైసలు ముందే దిగబడాలె. దిగబడ్డ పైసలు తిరిగి రావు, అందుకే మీరొచ్చినా వాళ్లు జాగా వదలరు. చట్టం తేమ 11 శాతం మించొద్దంటది. మీ పొడి అందులో పాసైనా, డిసెంబర్‌కు రంగు వెలిస్తే గిరాకీ వాపస్ తెస్తది. ఆ ఎరుపుకు కన్ను అలవాటు చేసింది వాళ్లే.

వాళ్లు మీ దారి మూసే రెండో పద్ధతి, ఏ ధర కాడ కూడ మార్కెట్ల ఖాళీ జాగా వదలకపోవుడు. సర్ఫ్ సంగతి చెప్పకుంటే ఇది అర్థం కాదు. 1959లో వచ్చిన సర్ఫ్ ఖరీదైన రకంగనే ఉండిపోయింది. కిందంతా ఖాళీ. 1969లో నిర్మా ఆ ఖాళీలకే దిగింది. సర్ఫ్ కిలో 13 రూపాయల కాడుంటే నిర్మా 3 రూపాయలు! సర్ఫ్ చేసే హిందుస్థాన్ లీవర్ 1980ల చివర్ల గాని వీల్ అనే చవక పొడితో గట్టిగ ఎదురు నిలవలే. అవును, అప్పటికే ఇంటింట్ల నిర్మా. ఆ దెబ్బ చూసిన కంపెనీ ఏదైనా ఇప్పుడు మీకన్నా ముందే పది రూపాయల పొట్లం వేలాడదీస్తది.

ఫిర్యాదు చేద్దామా? 2002 కాంపిటీషన్ చట్టం పెద్ద కంపెనీ పోటీదారుని వెళ్లగొట్టటానికి ఖర్చుకన్నా తక్కువకు అమ్మితే తప్పంటది. మంచి సరుకు చేసుడు, కొత్త ప్యాకెట్ తెచ్చుడు తప్పు కాదు. అమెరికాలో పొద్దున పాలల్ల వేసుకొని తినే కార్న్‌ఫ్లేక్స్ లాంటియి అమ్మే కంపెనీలు రకాల మీద రకాలు తెచ్చి జాగా నింపేశాయని 1972లో కేసు పెట్టిన్రు, పదేళ్లకు అది కొట్టుడు పోయింది.

అక్కలారా, ఆ పది రూపాయల పొట్లం జోలికి పోకుండ్రి. మన చపాటా మిర్చి చూడుండ్రి, ఎక్కువ రంగు, తక్కువ కారం. 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తాలు ఏరి, తొడిమ తీసి, కాయ గలగలమనేదాక ఎండబెట్టి, గిర్నీ వేడెక్కకుండా కొద్దికొద్దిగ పట్టి, వెలుతురు తగలని కవర్ల నింపి, పట్టిన తేదీ ముద్రించుండ్రి. కలగలపు పొడి అమ్మే కంపెనీ ‘ఒక్క రకమే, నిన్న పట్టింది’ అని చెప్పుకుంటే తన పొడినే తక్కువ చేసుకున్నట్టు.

అప్పు కాగితం మీద సంతకం పెట్టకముందు మీ ఊరి కిరాణా కొట్లల్ల ఉన్న ప్రతి ప్యాకెట్ కొని, తెల్ల కాగితం మీద పక్కపక్కన పోయుండ్రి. ఏ రకం లేదో చూసి, అది రాసుకొని వచ్చే సమావేశానికి తేండ్రి.