ఇంటి పలకలు ఊడదీసిన జెన్నీ

అధ్యక్షుల వారికీ, సభకూ నమస్కారం. గ్రంథాలయ వారోత్సవాల్లో పుస్తకాల గొప్పతనం గురించి చెప్పమన్నారు. నా ముందు మాట్లాడిన పెద్దలు అది చెప్పేశారు. నేను పిట్‌కెయిర్న్ దీవి గురించి చెబుతాను, కాసేపు ఓర్చుకోండి.

1808 ఫిబ్రవరిలో సీల్ అనే సముద్ర జంతువుల వేటకు తిరుగుతున్న టోపాజ్ అనే అమెరికా ఓడ దక్షిణ పసిఫిక్‌లో ఆ దీవికి చేరింది. మనుషులు లేరనుకున్న చోట పొగ లేస్తోంది! పడవలో కుర్రాళ్లు ఎదురొచ్చి ఇంగ్లీషులో మాట్లాడారు. కెప్టెన్ ఫోల్జర్‌కి మతిపోయి ఉంటుంది. వాళ్లు బౌంటీ అనే బ్రిటిష్ ఓడలో తిరగబడ్డ నావికుల పిల్లలు. 1789లో కెప్టెన్ బ్లైని సముద్రం మధ్యలో పడవలోకి దించేసి ఓడతో ఉడాయించారే, వాళ్ల పిల్లలు. మ్యాపులో దీవిని తప్పు చోట గుర్తించడంతో అన్నేళ్లూ ఎవరికీ దొరకలేదు.

ఇదంతా ఎక్కడైనా దొరుకుతుంది. నా కడుపుమంట వేరే. ఫోల్జర్ వెళ్లేసరికి అక్కడ స్థిరపడ్డ తొమ్మిది మంది తిరుగుబాటుదారుల్లో మిగిలింది ఆడమ్స్ ఒక్కడే. ఎక్కువమంది హత్యల్లోనే పోయారు. వాళ్లతో వచ్చిన ఆరుగురు పాలినీషియన్, అంటే పసిఫిక్ దీవుల మగవాళ్లలో ఒక్కడూ లేడు. మరి ఆ పిల్లల్ని ఎవరు సాకారండీ? తాహితీ నుంచి, చుట్టుపక్కల దీవుల నుంచి వచ్చిన తల్లులు. చాలామందిని మోసం చేసి ఓడలో తీసుకొచ్చారు. వాళ్లు దేవతలని నేననను. ఆ హత్యల్లో వాళ్ల చెయ్యీ ఉంది.

వెనక పిల్లలూ, ఇది వినండి. 1794లో ఈ ఆడవాళ్లు దీవి వదిలి పోదామని పడవ కట్టారు. చెక్క చాల్లేదు. జెన్నీ అనే ఆవిడ తన ఇంటి పలకలే ఊడదీసి ఇచ్చింది! మిగతావాళ్లనూ ఇమ్మని బతిమాలితే ఎవరూ వినలేదు. పడవ నీళ్లలోకి దించగానే బోల్తా పడింది. అయినా ఆవిడ ఆశ వదల్లేదు. 1817లో ఒక ఓడెక్కి బయటపడింది. ఆవిడ చెప్పిన కథ 1819లో సిడ్నీ పత్రికలో అచ్చయింది కూడా. ఎంతమంది చదివారు? ఆడమ్స్ ఫోల్జర్‌కిచ్చిన బౌంటీ గడియారం ఎన్ని చేతులు మారిందో మాత్రం పూసగుచ్చినట్టు రాశారు. అది ఇంగ్లండులోని గ్రీనిచ్ మ్యూజియంలో భద్రంగా ఉంది.

అధ్యక్షులు వాచీ చూస్తున్నారు, అయిపోయిందండీ. 1838లోనే ఆ దీవిలో ఆడవాళ్లకు ఓటు వచ్చింది. ఇంగ్లండులో అప్పటికి లేదు. ఈ లైబ్రరీ వాళ్లకు ఒక్క మనవి. రేపటి పిల్లల క్విజ్‌లో బౌంటీ కెప్టెన్ పేరు అడగొద్దు. జెన్నీ గురించి అడగండి.